సిటీ ఆఫ్ గాడ్ చూశాక అందరూ అడిగే ప్రశ్నలు

2002లో వచ్చిన ఈ బ్రెజిల్ సినిమాని నేను కనీసం ఏడెనిమిది సార్లు వేరేవాళ్లకి కూర్చోబెట్టి చూపించాను. మొదట హాస్టల్ గదిలో, కోఠి ఫుట్‌పాత్ మీద కొన్న డీవీడీతో. తర్వాత ఆఫీసు స్నేహితులకి. ఈ మధ్య మా మేడ మీద గదిలో గోడకి తెల్ల దుప్పటి కట్టి, అద్దె ప్రొజెక్టర్ పెట్టి, బంధువులకి కూడా. సినిమా అయిపోయాక టీ తాగుతూ వాళ్లు అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు. ప్రతిసారీ నోటితో చెప్పే బదులు ఒకచోట రాసిపెడదామని ఇది. కథ మొత్తం బయటపెట్టేస్తున్నాను కాబట్టి చూడనివాళ్లు ముందు చూసి రండి.

అసలు ఈ సినిమా దేని గురించి? రెండు ముక్కల్లో చెప్పండి.

రియో డి జెనీరో నగరానికి పడమటి కొసన సిదాజి జి దేయుస్ అనే పేదల కాలనీ ఉంది. ఆ పేరుకి దేవుడి నగరం అని అర్థం. 1960ల చివరి నుంచి 80ల మొదటి దాకా అక్కడ పెరిగిన కుర్రాళ్ల కథ ఇది. ఒకడు కెమెరా పట్టుకుంటాడు, ఒకడు తుపాకీ పట్టుకుంటాడు. చిల్లర దొంగతనాలతో మొదలైన వ్యవహారం పదిహేనేళ్లలో మత్తుమందుల వ్యాపారంగా, వీధి యుద్ధంగా ముదురుతుంది. దర్శకుడు ఫెర్నాండో మెయిరెల్లెస్, సహ దర్శకురాలు కాటియా లుండ్. పౌలో లిన్స్ 1997లో రాసిన నవల దీనికి ఆధారం.

ఇదంతా నిజంగా జరిగిందా, కల్పనా?

రెండూ. పౌలో లిన్స్ చిన్నప్పుడే ఆ కాలనీకి వచ్చి అక్కడే పెరిగాడు. తర్వాత ఆల్బా జలువార్ అనే మానవశాస్త్రవేత్త అక్కడి నేరాల మీద పరిశోధన చేస్తుంటే ఆవిడ దగ్గర సహాయకుడిగా చేరి, వీధుల్లో తిరిగి జనంతో మాట్లాడాడు. ఆ సరుకే నవల అయింది. వందల మంది మనుషులున్న లావుపాటి పుస్తకం అది. దాన్ని స్క్రీన్‌ప్లే రచయిత బ్రాలియో మంతోవానీ రెండు గంటల పది నిమిషాల్లోకి కుదించాడు. అలా కుదించేటప్పుడు ఇద్దరు ముగ్గుర్ని కలిపి ఒకణ్ణి చేయడం, ఒకడికి జరిగింది ఇంకొకడికి అంటగట్టడం మామూలే.

కాకపోతే చాలామంది చేసే ఒక పొరపాటు ఉంది. పేర్లు పడటం మొదలవగానే లేచి చెప్పులు వెతుక్కుంటారు. కూర్చోండి. ముఠా మీద పగబట్టి యుద్ధానికి దిగే మానే గలీన్యా అనే పాత్రని ఆసుపత్రి మంచం మీద టీవీ వాళ్లు ఇంటర్వ్యూ చేసే సీన్ సినిమాలో ఉంటుంది కదా, చివర్లో పేర్ల మధ్య అసలు మనిషి ఇచ్చిన పాత టీవీ ఇంటర్వ్యూ చూపిస్తారు. అదే ముఖం తీరు, అవే మాటలు. మా మేడ మీద అప్పటిదాకా "భలే తీశాడు రా" అంటూ ఉన్న ఒక బంధువు ఆ తుక్కు తుక్కు వీడియో రాగానే నోరు మూసుకున్నాడు. టీ కూడా అడగలేదు.

అది నిజంగా మురికివాడేనా? మొదట్లో వరసగా కట్టిన ఇళ్లు కనిపిస్తాయి కదా?

బాగా గమనించారు. రియో అనగానే కొండల మీద ఒకదానిమీద ఒకటి ఎక్కిన ఇళ్లు గుర్తొస్తాయి, వాటిని ఫవేలా అంటారు. ఇది అలా పుట్టింది కాదు. 1960ల్లో ప్రభుత్వమే కట్టించిన కాలనీ. నగరం మధ్యలో, సముద్రం పక్కన ఖరీదైన చోట్ల ఉన్న గుడిసెల్ని ఖాళీ చేయించి ఆ జనాన్ని ఊరవతలకి పంపేందుకు కట్టారు. 1966లో పెద్ద వరదలొచ్చి ఇళ్లు పోయినవాళ్లని కూడా తెచ్చి ఇక్కడే దించారు. పని దొరికే చోటు ఎక్కడో, ఇల్లు ఎక్కడో. సినిమా మొదటి భాగంలో మట్టి రోడ్ల మీద ఒకే రకం పెట్టెల్లాంటి ఇళ్లు వరసగా ఉంటాయి చూడండి, అదే సంగతి.

ఊరి మధ్యలో ఉన్నవాళ్లని ఊరవతల కాలనీకి తరలించి, బస్సు సంగతి తర్వాత చూద్దాం అనడం మనకీ కొత్త కాదు. అందుకే హైదరాబాద్, విజయవాడల్లో అలాంటి కాలనీలు తెలిసినవాళ్లకి ఆ మొదటి ఇరవై నిమిషాలు పరాయి దేశంలా అనిపించవు.

ఇంకో మాట. షూటింగ్ ఎక్కువ భాగం అసలు సిదాజి జి దేయుస్‌లో జరగలేదు. అక్కడ అప్పటికి పరిస్థితి బాగోలేదు. రియోలోనే వేరే పేటల్లో తీశారు.

పేర్లు బుర్రకెక్కలేదు. సబ్‌టైటిల్స్‌లో ఒకటి, వాళ్లు పలికేది ఇంకొకటి. ఎందుకలా?

ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ రాసినవాళ్లు పేర్లని కూడా అనువదించేశారు. సినిమాలో ఉన్నవన్నీ వీధి పేర్లు, మన పల్లెల్లో ప్రతివాడికీ ఉండే ముద్దుపేరో వెక్కిరింపు పేరో లాంటివి. కథ చెప్పే కుర్రాడి పేరు బుస్కపే. ఇంగ్లిష్‌లో దాన్ని రాకెట్ చేశారు. అసలు బుస్కపే అంటే నేల మీద వంకర టింకరగా పరిగెత్తి మనుషుల కాళ్ల మధ్యకి దూరే ఒక టపాకాయ. అంటే మన సిసింద్రీ! తెలుగులో సబ్‌టైటిల్స్ రాసి ఉంటే ఇంత చక్కటి మాట మన దగ్గర రెడీగా ఉంది. రాకెట్ పైకి పోతుంది. సిసింద్రీ ఎటు పోతుందో దానికే తెలియదు, కాళ్ల సందుల్లోంచి తప్పించుకుంటుంది. ఆ కుర్రాడు సినిమా అంతా చేసేది అదే.

మిగతావి: దాదిన్యో అంటే చిన్న పాచిక. ఆ పేరున్న పిల్లవాడే పెద్దయ్యాక ముఠా నాయకుడు జే పెకేనో అవుతాడు, అంటే చిన్న జే. జే అనేది జోజే అనే పేరుకి పొట్టి రూపం. గలీన్యా అంటే కోడి, కానీ ఇంగ్లిష్‌లో మానే గలీన్యాని నాకౌట్ నెడ్ చేశారు, కోడి ఎగిరిపోయింది. అతని పక్షాన నిలిచే మత్తుమందుల వ్యాపారి సెనోరా, అంటే క్యారట్. అతి చిన్న వయసులో ముఠాలో చేరే పిల్లవాడి పేరు ఒక ప్లేటు భోజనం పేరు, మాంసం ముక్కా ఆలూ వేపుడూ అన్నట్టు. ఆకలిగా ఉన్న పిల్లవాడికి అలాంటి పేరు ఎవరు పెట్టారో గానీ.

మొదట్లో ఆ కోడి గొడవేంటి?

రాయి మీద కత్తి నూరే చప్పుడు, సాంబా వాయిద్యం, కాలికి తాడు కట్టి ఉన్న ఒక కోడి. పక్కనే వేరే కోళ్లని కోసి ఈకలు పీకుతుంటే అది చూస్తూ ఉంటుంది. తాడు విప్పుకుని పారిపోతుంది. ముఠా మొత్తం తుపాకులు పట్టుకుని దాని వెంట పడుతుంది. సందు చివర బుస్కపే నిలబడి ఉంటాడు. ఎదురుగా జే పెకేనో మనుషులు, వెనక పోలీసులు, మధ్యలో వీడూ కోడీ. కెమెరా అతని చుట్టూ గిర్రున తిరుగుతుంది, ఆ తిరగడంలోనే కాలం వెనక్కి పోయి అతను ఫుట్‌బాల్ గోల్ ముందు వంగి నిలబడ్డ చిన్న పిల్లాడైపోతాడు.

పోర్చుగీసులో ఒక సామెత ఉంది: పరిగెత్తితే మృగం పట్టుకుంటుంది, నిలబడితే తినేస్తుంది. సినిమా ప్రచారంలో వాడుకున్నది అదే. మన ముందు నుయ్యి వెనక గొయ్యికి కాళ్లొస్తే ఇలా ఉంటుంది. కోడి మీకు అర్థమైతే సినిమా అర్థమైనట్టే, దాని గురించి ఇంతకంటే వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఆ ఇద్దరు పిల్లల సీన్ దగ్గర ఆపేశాను. చూడలేకపోయాను. నాదే తేడానా?

కాదు. నేను చూపించిన ప్రతిసారీ ఎవరో ఒకరు అక్కడ లేచి బయటికి వెళ్లారు.

చూడనివాళ్ల కోసం: జే పెకేనో పేటలో దొంగతనాలు వద్దని హుకుం జారీ చేస్తాడు. చిల్లర దొంగతనాలు చేసే బుడతల గుంపు అతని మాట వినదు. ఒకరోజు వాళ్లలో ఇద్దరు సందులో దొరికిపోతారు. కాలిలో కాల్చాలా చేతిలో కాల్చాలా, నువ్వే చెప్పు అంటాడు. చిన్నవాడు ఏడుస్తూ చెయ్యి చాపుతాడు. పెకేనో పాదంలో కాలుస్తాడు. ఆ తర్వాత తన ముఠాలో కొత్తగా చేరిన పిల్లవాడి చేతికి తుపాకీ ఇచ్చి, ఇద్దరిలో ఒకణ్ణి నువ్వు చంపు అంటాడు. ఆ పిల్లవాడు ఒకసారి వీణ్ణి, ఒకసారి వాణ్ణి చూస్తాడు.

హాస్టల్లో చూసినప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. ఆ సీన్‌ని "ఏం తీశాడ్రా" అని మెచ్చుకున్నాను. పదిహేనేళ్ల తర్వాత చూస్తే నా కళ్లు పెకేనో వైపు పోనేలేదు. ఆ చిన్నవాడు ఏడ్చే తీరు, ఎక్కిళ్లు పెడుతూ ఊపిరి అందక మూతి వంకర పోవడం, అచ్చం మా వాడు టీకా వేయించుకునేటప్పుడు ఏడ్చినట్టే ఉంది. లేచి కిందకెళ్లి నీళ్లు తాగొచ్చాను. సినిమా అదే, మారింది నేను. కాబట్టి ఆపేసినవాళ్లని పిరికివాళ్లని ఎగతాళి చేసే బ్యాచ్‌తో నేను లేను.

ఆ పిల్లలు నిజంగా ఏడ్చారా? నటన అలా ఎలా వచ్చింది?

కాల్పులు, రక్తం ఉత్తుత్తివే, అది చెప్పక్కర్లేదు. నటీనటుల్లో చాలామంది అంతకుముందు కెమెరా ముందుకి రానివాళ్లు. రియో పేటల్లోంచి రెండొందల మంది దాకా కుర్రాళ్లని ఎంపిక చేసి నెలల తరబడి వర్క్‌షాప్ నడిపారు. విడిగాల్ అనే ఫవేలాలో నాటక బృందం నడిపే గుటి ఫ్రాగా అందులో ముఖ్యుడు. తర్వాత ఫాతిమా టొలెడో అనే నటన శిక్షకురాలు వాళ్లతో పనిచేసింది. స్క్రిప్టు చేతికిచ్చి బట్టీ కొట్టించలేదు. సందర్భం చెప్పి, నువ్వైతే ఏమంటావు అని అడిగి, వాళ్ల నోట వచ్చిన మాటల్నే డైలాగులుగా రాసుకున్నారు. అందుకే ఎవరూ అప్పజెప్పినట్టు మాట్లాడరు.

దర్శకుడు ఇంటర్వ్యూల్లో చెప్పిన ఒక సంగతి నాకు చాలా ఇష్టం. యుద్ధానికి బయల్దేరే సీన్ తీస్తుంటే, అలాంటి జీవితం దగ్గర్నుంచి తెలిసిన ఒక కుర్రాడు, ముందు ప్రార్థన చెయ్యమా అని అడిగాడట. మామూలుగా చేసేవాళ్లమే కదా అన్నట్టు. సరే చెయ్యండి అన్నారు. ఆయుధాలు పట్టుకున్న పిల్లలు గుండ్రంగా నిలబడి దేవుణ్ణి తలుచుకునే సీన్ అలా వచ్చింది. ఎంత గొప్ప రచయితైనా టేబుల్ ముందు కూర్చుని ఆ సీన్ రాయలేడు.

జే పెకేనోగా చేసిన లియాండ్రో ఫిర్మినో ఆ కాలనీ కుర్రాడే. నటుడవుదామని రాలేదు, ఆడిషన్‌కి స్నేహితుడికి తోడొచ్చాడు. క్యారట్‌గా చేసిన మాతేవుస్ నాష్టర్‌గేలి మాత్రం అప్పటికే పేరున్న నటుడు. మానే గలీన్యాగా చేసిన సెవు జార్జ్ గాయకుడు, ఒకప్పుడు రియో వీధుల్లో ఇల్లు లేకుండా బతికినవాడు.

ఇంత స్టైల్‌గా తీస్తే నేరాన్ని గొప్పగా చూపించినట్టు కాదా?

ఇదే అన్నిటికన్నా పెద్ద గొడవ. బ్రెజిల్లో సినిమా విడుదలైన వారం నుంచే మొదలైంది.

అక్కడ 1965లో గ్లౌబర్ రోషా అనే దర్శకుడు ఒక వ్యాసం రాశాడు. మా ఆకలికి ఒక సౌందర్యశాస్త్రం ఉంది, మా సినిమా చూసేవాణ్ణి ఇబ్బంది పెట్టాలి, పేదరికాన్ని చూడముచ్చటగా చేసి తెల్లదొరలకి అమ్మకూడదు అని దాని సారాంశం. సిటీ ఆఫ్ గాడ్ రాగానే ఇవానా బెంటెస్ అనే విమర్శకురాలు ఆ మాటనే తిప్పి కొట్టింది. ఇది ఆకలి సౌందర్యశాస్త్రం కాదు, ఆకలికి పూసిన మేకప్ అంది. పోర్చుగీసులో ఈ రెండు మాటలకీ ఒకటి రెండు అక్షరాలే తేడా, అందుకే ఆ దెబ్బ బాగా తగిలింది. మెయిరెల్లెస్ సావో పాలోలో ప్రకటనలు తీసి పైకొచ్చినవాడు కావడంతో, సబ్బు ప్రకటనలా హత్యలు తీశాడని వెటకారాలు కూడా బోలెడు.

నా మాట? విమర్శలో సగం నిజం ఉంది. హాస్టల్లో మేమంతా "నా పేరు ఇప్పుడు జే పెకేనో" అనే డైలాగుకి ఈలలు వేశాం. బ్రెజిల్లో కూడా అది పిల్లలకి నోటికొచ్చిన డైలాగే. ఒక హంతకుడు పేరు మార్చుకునే క్షణానికి ఈల వేయించిన సినిమా, మేం కేవలం నిజం చూపించాం అని చేతులు దులుపుకుంటే కుదరదు.

మిగతా సగానికి జవాబు సినిమాలోనే ఉంది. పెకేనోని జాగ్రత్తగా చూడండి. అతనికి ఆనందం ఎక్కడుంది? ప్రాణస్నేహితుడు బెనే వీడ్కోలు పార్టీలో అందరూ నాట్యం చేస్తుంటే ఇతనొక్కడే గోడకి ఆనుకుని ఉంటాడు. ఒకమ్మాయిని డాన్స్‌కి పిలిస్తే రానంటుంది. పేపర్లో తన ఫోటో పడితే పోలీసులకి దొరికిపోతానన్న ధ్యాస లేకుండా మురిసిపోతాడు. ఊరంతా హడలిపోయే మనిషికి కావలసింది ఒక ఫోటో, ఒక డాన్స్. మన సినిమాల్లో విలన్‌కి ఇంత చిన్న కోరికలు ఎప్పుడైనా ఇచ్చారా?

అక్కడ నిజంగా బతికేవాళ్లు సినిమా చూసి ఏమన్నారు?

అందరూ ఒకే మాట అనలేదు. కానీ అందరికంటే గట్టిగా వినిపించిన గొంతు ఎమ్‌వీ బిల్‌ది. ఆ కాలనీలోనే పుట్టి పెరిగిన ర్యాప్ గాయకుడు. ఈ సినిమా వల్ల మా వాడకి ఏ మేలూ జరగలేదు, పైగా మా పిల్లల మీద ముద్ర పడింది అని బహిరంగంగా రాశాడు. పనికోసం వెళ్తే అడ్రసు అడుగుతారు. అడ్రసులో ఆ పేరు కనబడగానే అవతలివాళ్ల మొహం మారుతుంది. అప్పటిదాకా అదొక కాలనీ పేరు. సినిమా తర్వాత ప్రపంచమంతా తెలిసిన హింస పేరు.

ఈ బాధ తెలుగువాళ్లకి, ముఖ్యంగా సీమవాళ్లకి, ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. ఫ్యాక్షన్ సినిమాల జోరు నడిచిన రోజుల్లో కడప అనీ కర్నూలు అనీ చెబితే హైదరాబాద్‌లో రూమ్మేట్లు "బాంబులున్నాయా బ్యాగులో" అని జోకులేసేవాళ్లు. మా హాస్టల్లో అనంతపురం కుర్రాడొకడు ఉండేవాడు. సిటీ ఆఫ్ గాడ్ అయిపోయాక మేమంతా కెమెరా గురించి వాదించుకుంటుంటే వాడు ఒకటే అన్నాడు: "ఆ ఊర్లో బడి లేదారా? పెళ్లిళ్లు జరగవా? ఒక్కటీ చూపీలేదే." అప్పుడు నవ్వాం. తర్వాత ఎమ్‌వీ బిల్ మాటలు చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది వాడే. పోర్చుగీసు ముక్క రాకుండానే ఆ కాలనీవాళ్ల పక్షాన మాట్లాడినవాడు మా గదిలో వాడొక్కడే.

మరి పౌలో లిన్స్ కూడా ఆ వాడవాడే కదా అని మీరు అడగొచ్చు. నిజమే. రాసినవాడూ అక్కడివాడే, తిట్టినవాడూ అక్కడివాడే. ఇద్దరిలో ఎవరిది సరైన మాట అని తీర్పు చెప్పే పని నేను పెట్టుకోను.

ఆడవాళ్లు ఏరీ?

మా అక్క అడిగింది ఇది, సినిమా సగంలోనే. ఆలిస్ బ్రాగా చేసిన ఆంజెలికా, పేపరాఫీసులో పనిచేసే అమ్మాయి, మానే గలీన్యా ప్రియురాలు, మొదటి భాగంలో ఒక ఇల్లాలు. ఎవరికీ సొంత కథ లేదు. మగాడికి ఏదో జరగడానికి వాళ్లు వస్తారు, వెళ్లిపోతారు. మానే గలీన్యా పగకి మొదలే అతని ప్రియురాలి మీద జరిగిన అత్యాచారం, కానీ ఆ తర్వాత ఆమె ఏమైందో సినిమా పట్టించుకోదు. దీన్ని సమర్థించడానికి నా దగ్గర ఏమీ లేదు.

కెమెరా ఊగుడుకి తల తిరిగింది. కావాలనే చేశారా?

కావాలనే. మూడు కాలాలకి మూడు పద్ధతులు పెట్టుకున్నారు. అరవైల భాగం ఎండ రంగులో, కెమెరా కుదురుగా, పాత కౌబాయ్ సినిమాలా ఉంటుంది. డెబ్బైల్లో రంగులు, పాటలు, కదలిక పెరుగుతాయి. యుద్ధం మొదలయ్యాక అంతా చేతిలో పట్టుకున్న కెమెరా, మసక, నీలం. ఛాయాగ్రాహకుడు సీజర్ షార్లోన్. ఎడిటర్ డేనియల్ రెజెండెకి ఇదే మొదటి పూర్తి నిడివి సినిమా.

తల తిరిగినవాళ్లు ఒక్క ముక్క మాత్రం మళ్లీ చూడండి. ఒక అపార్ట్‌మెంట్ కథ వస్తుంది. అక్కడ కెమెరా అస్సలు కదలదు. ఒకే మూల నుంచి గది కనబడుతుంటుంది. మొదట ఒకావిడ ఇల్లు, సోఫా, సామాను. ఆవిడ పోయి ఇంకొకడొస్తాడు. సామాను తగ్గుతుంది, గోడలు మాస్తాయి, పొట్లాలు కట్టే బల్ల వస్తుంది, మనుషులు మారిపోతుంటారు. రెండు మూడు నిమిషాల్లో ఒక ఇల్లు అడ్డాగా మారిపోవడం కళ్ల ముందే జరుగుతుంది. కాలనీ మొత్తానికి ఏమైందో ఆ ఒక్క గదిలో చెప్పేశారు.

ఆస్కార్ వచ్చిందా?

రాలేదు. కథ కాస్త తమాషాగా నడిచింది. మొదటి ఏడాది బ్రెజిల్ విదేశీ భాషా చిత్రాల విభాగానికి పంపితే నామినేషన్ కూడా దక్కలేదు. అమెరికాలో 2003లో విడుదలైంది కాబట్టి ఆ తర్వాతి ఏడాది మామూలు విభాగాల్లో పోటీకి అర్హత వచ్చి, 2004లో ఏకంగా నాలుగు నామినేషన్లు పడ్డాయి: దర్శకత్వం, స్క్రీన్‌ప్లే, ఛాయాగ్రహణం, ఎడిటింగ్. ఆ ఏడు పదకొండు ఆస్కార్లు ఒకే సినిమా పట్టుకుపోయింది, వీళ్లకి మిగల్లేదు. బ్రిటన్ బాఫ్టాల్లో మాత్రం ఎడిటింగ్‌కి అవార్డు వచ్చింది. దర్శకత్వం నామినేషన్ మెయిరెల్లెస్ ఒక్కడికే ఇచ్చి కాటియా లుండ్‌ని వదిలేయడం మీద అప్పట్లో రభస కూడా జరిగింది. బ్రెజిల్లో హాళ్లలో 30 లక్షల మందికి పైగా చూశారు.

ఇంట్లోవాళ్లతో చూడొచ్చా?

వద్దు. ఒకసారి మా బావ "ఏముందిలే, ఇంగ్లిష్ సినిమానేగా" అని అత్తయ్యని కూడా కూర్చోబెట్టాడు. మొదటిది, అది ఇంగ్లిష్ సినిమా కాదు. రెండోది, పావుగంటలో అత్తయ్య "ఇదేం సినిమారా నాయనా, వీళ్లకి అమ్మానాన్నలు లేరా" అని లేచి దేవుడి గదిలోకి వెళ్లిపోయింది. పిల్లలకి అయితే అసలే కాదు. పిల్లలున్న సినిమా వేరు, పిల్లల సినిమా వేరు.

సబ్‌టైటిల్స్ చదవడం విసుగు. ఇంగ్లిష్ డబ్బింగ్‌లో చూస్తే ఏం?

చూస్తే సగం పోతుంది. ఆ కుర్రాళ్ల అరుపులు, యాస, ఒకరి మాట మీద ఒకరు పడిపోవడమే ఈ సినిమాకి సంగీతం. తూర్పుగోదావరి యాసని న్యూస్ రీడర్ గొంతుతో డబ్ చేసినట్టుంటుంది.

బుస్కపే పోలీసుల ఫోటో పేపర్‌కి ఎందుకు ఇవ్వలేదు? పిరికితనం కాదా?

దీని మీద మా మేడ మీద గొడవలే అయ్యాయి. చివర్లో బుస్కపే దగ్గర రెండు రకాల ఫోటోలుంటాయి. పోలీసులు పెకేనోని పట్టుకుని, డబ్బు తీసుకుని వదిలేసినవి కొన్ని. ఆ తర్వాత చచ్చి పడున్న పెకేనోవి కొన్ని. మొదటివి ఇస్తే పెద్ద వార్త, పేరు కూడా వస్తుంది, ఆ తర్వాత పోలీసులు ఇతన్ని బతకనివ్వరు. రెండోవి ఇస్తే ఉద్యోగం. శవం ఫోటో ఇస్తాడు.

"హీరో అయ్యుండి అలా చేస్తాడేంటి బావా" అన్నాడు మా బావమరిది. వాడికి నేను చెప్పింది: నువ్వు సందు చివర పోలీసులకీ ముఠాకీ మధ్య నిలబడి చూడు, అప్పుడు మాట్లాడుదాం. వాడు ఒప్పుకోలేదు. "అయితే ఆ కోడి నయం, కనీసం ఎదురు తిరిగింది" అన్నాడు. కోడి ఎదురు తిరగలేదు, పారిపోయింది. ఆ మాటే నేనన్నాను, వాదన అక్కడికి ఆగింది.

ఆ నటులంతా తర్వాత ఏమయ్యారు?

ఒక్కొక్కరిది ఒక్కో దారి. ఆలిస్ బ్రాగా హాలీవుడ్ దాకా వెళ్లింది. సెవు జార్జ్ ప్రపంచమంతా తిరిగి పాడుతున్నాడు. చిన్న దాదిన్యోగా చేసిన డగ్లస్ సిల్వా, ఆ తుపాకీ అందుకున్న పిల్లవాడిగా చేసిన డార్లన్ కున్యా ఇద్దరూ కలిసి 2002 నుంచి బ్రెజిల్ టీవీలో ఫవేలా కుర్రాళ్ల మీద వచ్చిన సీరియల్లో హీరోలయ్యారు. హత్యలు తక్కువ, స్నేహం ఎక్కువ ఉన్న సీరియల్ అది. సిటీ ఆఫ్ గాడ్‌లో బడీ పెళ్లీ లేవని బాధపడ్డవాళ్లు అది వెతుక్కుని చూడండి, మా అనంతపురం మిత్రుడికి కూడా అదే చెప్పాను.

మిగతా అందరికీ అలా కలిసి రాలేదు. పదేళ్ల తర్వాత వాళ్లందరినీ వెతికి పట్టుకుని కావి బోర్జెస్, లూసియానో విడిగాల్ ఒక డాక్యుమెంటరీ తీశారు, 2013లో వచ్చింది. ఒకప్పుడు కాన్స్ చిత్రోత్సవంలో తమ సినిమా ఆడితే పొంగిపోయినవాళ్లలో కొందరు మళ్లీ చిన్నాచితకా పనుల్లోకి వెళ్లిపోయారు. సినిమా ఇంత డబ్బు చేసుకుంది, మాకిచ్చిందెంత అని అడిగేవాళ్లు అందులో ఉన్నారు. సిటీ ఆఫ్ గాడ్ నచ్చిన ప్రతివాళ్లూ అది కూడా చూడాలని నా పట్టుదల. 2024లో పాత పాత్రలతోనే కొత్త సిరీస్ కూడా వచ్చింది, బుస్కపేగా మళ్లీ అలెగ్జాండ్రె రోడ్రిగెసే చేశాడు.

ఆ కాలనీ ఇప్పుడెలా ఉంది? అంతా అలాగే కాల్చుకుంటున్నారా?

సినిమా ముగిసేది ఎనభైల మొదట్లో అని గుర్తుపెట్టుకోండి. 2009లో అక్కడ శాశ్వత పోలీసు దళాన్ని పెట్టారు. కొన్నాళ్లు తగ్గినట్టనిపించినా కాల్పుల వార్తలు పూర్తిగా ఆగలేదు. 2011 మార్చిలో అమెరికా అధ్యక్షుడు ఒబామా భార్యాపిల్లలతో వచ్చి అక్కడి పిల్లలతో ఫుట్‌బాల్ ఆడి వెళ్లాడు. 2016 రియో ఒలింపిక్స్‌లో బ్రెజిల్‌కి మొదటి బంగారు పతకం తెచ్చింది జూడో క్రీడాకారిణి రఫేలా సిల్వా. ఆ అమ్మాయి పెరిగింది సిదాజి జి దేయుస్‌లోనే. ఆవిడ గెలిచిన రోజున వార్తల్లో ఆ కాలనీ పేరు పక్కన సినిమా పేరు కూడా రాయకుండా ఎవరూ ఉండలేకపోయారు. ఎమ్‌వీ బిల్ అన్నది ఇదే కదా అనిపించింది నాకు.

చివర్లో ఆ బుడతలు ఏం మాట్లాడుకుంటూ పోతారు? సబ్‌టైటిల్స్ అందలేదు.

పెకేనోని చంపింది వాళ్లే, కాలిలో కాల్పించుకున్న గుంపు. అందరూ కలిసి మీదపడి కాల్చేసి, తుపాకులు ఊపుకుంటూ సందులోంచి నడిచిపోతుంటారు. ఇక పేట మనదే అంటారు. ఎవరెవర్ని చంపాలో పేర్లు చెబుతుంటారు: వాణ్ణి, వీణ్ణి, ఫలానావాడు కూడా, వాడు నన్ను కొట్టాడు. బయటి పెద్ద ముఠా వస్తుందట అంటే, వస్తే వాళ్లనీ లేపేద్దాం అంటాడొకడు. పేర్లు ఎక్కువైపోతుంటే చిట్టా రాసుకోవాలనుకుంటారు. అప్పుడు ఒకడు అడుగుతాడు, మనలో ఎవరికైనా రాయడం వచ్చా అని.

నాకు కొంచెం కొంచెం వచ్చు, అంటాడు ఇంకొకడు.